గొడుగు మీద ఇంటూ

నవోమి ఇంట్లో పనులన్నీ నోటుబుక్కు చెప్పినట్టు జరుగుతాయని రైల్వే కాలనీలో అందరికీ తెలుసు. కొందరు మెచ్చుకునేవాళ్ళు. కొందరు, టీచరమ్మ ఇంట్లో కూడా బడి పెట్టిందని నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వుకునేవాళ్ళే పంపు ఎన్నింటికి వదులుతారో, కావలి డాక్టరు ఏ వారం వస్తాడో మర్చిపోతే ఆ ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళు.

అది కొట్లో కొన్న పుస్తకం కాదు. బడిలో పరీక్షలయ్యాక పిల్లల జవాబు కాగితాల్లో రాయకుండా మిగిలినవి ఏరుకొచ్చి, మధ్యకు మడిచి, పురికొసతో తనే కుట్టుకుంది. వంటింటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంటుంది. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉండే బడి పెన్సిలు దానికి దారంతో కట్టి ఉంటుంది. రోజుకో పేజీ. పేజీ మధ్యలో నిలువుగా గీత. గీతకు ఎడమపక్క రాత, తనకూ మొగుడు హెబ్రోనుకూ. హెబ్రోను ఫైర్‌మన్. అతను బండి దిగి వచ్చే వేళకు ఆమె బడిలో ఉంటుంది. ఆమె ఇంటికొచ్చే వేళకు అతను గూడూరు దారిలోనో బెజవాడ దారిలోనో పొయ్యిలోకి బొగ్గు ఎత్తిపోస్తుంటాడు. మొగుడూ పెళ్ళాం వారంలో నాలుగు రోజులు ఆ కాగితం మీదే మాట్లాడుకునేవాళ్ళు. 'చిన్నదానికి దగ్గు తగ్గింది. లైను పెట్టెలో పచ్చడి సీసా మర్చిపోకుండా తీసుకురండి.' దాని కింద అతని రాత, బొగ్గు వేలిముద్రతో సహా: 'సీసా పగిలింది.'

కుడిపక్క బొమ్మలు. అవి అత్త ఎస్తేరమ్మకు. ఇందుకూరుపేట పొలాల్లో నాట్లు వేసిన చేతులు ఆమెవి, పలక పట్టినవి కావు. పగలంతా ఇల్లు ఆమె మీదే నడుస్తుంది గనుక నవోమి ఆమె కోసం ఈ బొమ్మలు కనిపెట్టింది. బిందె వేస్తే పంపుకు పోవాలని. చుక్క వేస్తే కళ్ళల్లో మందు వేసుకోవాలని. రైలింజను వేస్తే కొడుకు డ్యూటీకి పోతాడని. తాళం వేస్తే వీధి తలుపుకు బయట తాళం పెట్టి పోవాలని. ప్రతి బొమ్మ పక్కనా చిన్న గడియారం, అందులో రెండు ముళ్ళు. అలమరలో ఉన్న టైంపీసు ముళ్ళు ఆ బొమ్మలో ఉన్నట్టు వచ్చినప్పుడు ఆ పని చెయ్యాలి. నాలుగు నెలల్లో ఎస్తేరమ్మ పేజీని పైనుంచి కిందికి వేలుపెట్టి చదవటం నేర్చేసింది. అరవై దాటాక చదువొచ్చిందని ఆమెకు ఎంత గర్వమో చెప్పలేం. పక్కింటి ఆమినాబీని పిలిచి మరీ చదివి వినిపించేది. ఒక్క బొమ్మను మాత్రం వేలితో కప్పేసేది.

అది గొడుగు. పిడికి ఎర్రగుడ్డ పీలిక కట్టిన గొడుగు. ఆ గొడుగంటే దరియావలి.

దరియావలి ఇంజన్ల షెడ్డులో కాల్‌మన్. ఏ బండికి ఏ డ్రైవరు, ఏ ఫైర్‌మన్ పోవాలో రాసిచ్చిన పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ పోయి పిలిచి, సంతకం పెట్టించుకుని రావటం అతని పని. ఎండైనా వానైనా చేతిలో ఆ గొడుగు ఉండాల్సిందే. రాత్రంతా బండి మీద ఒళ్ళు హూనం చేసుకుని వచ్చిన మొగుడు పగలు ఇంకాసేపు పడుకుంటే బాగుండునని ఏ ఇల్లాలికి ఉండదు? అందుకని దరియావలి రాగానే ఇంట్లో లేడని, బజారుకు పోయాడని చెప్పటం ఆ వీధిలో అందరికీ అలవాటు. రూలు ప్రకారం అతను పుస్తకంలో 'ఇంట్లో లేడు' అని రాయాలి. రాస్తే ఆ మనిషికి షెడ్డులో చెడ్డపేరు. ఇరవై ఆరేళ్ళలో దరియావలి ఆ మాట ఒక్క పేరు ఎదుట కూడా రాయలేదు. సరేనమ్మా, ఒక చుట్టు తిరిగొస్తానని గొడుగు తెరుచుకుని పోయేవాడు, అరగంటకు మళ్ళీ వచ్చేవాడు. ఆ అరగంటలో మనిషి లేచి, మొహం కడుక్కుని సిద్ధంగా ఉండేవాడు. అబద్ధమని అతనికి తెలుసు. అతనికి తెలుసని వీళ్ళకూ తెలుసు.

మిగతా ఇళ్ళల్లో ఆ అబద్ధం నోటిమాటగా పోయేది. నవోమి ఇంట్లో అది పేజీకి ఎక్కింది. గొడుగు మీద ఇంటూ వేసి ఉంటే, ఆ వేళకు దరియావలి వస్తే లేడని చెప్పి పంపించమని అర్థం. అన్నీ ముందుగా రాసిపెట్టుకునే మనిషి, అబద్ధాన్ని కూడా రాసిపెట్టుకుంది.

ఆ మంగళవారం తెల్లవారి ఆరింటికి హెబ్రోను వానకు తడిసి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతులకు సబ్బు ఎంత రుద్దినా గోళ్ళ పక్కన బొగ్గు పోలేదు. పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఒక కునుకు తీశాడు. మూడు రోజుల్లో మొత్తం ఎనిమిది గంటలు నిద్రపోయి ఉంటాడేమో. వచ్చే నెలే బెజవాడలో డ్రైవరు సెలెక్షను. ముందు కళ్ళ పరీక్ష చేస్తారు. తొమ్మిదేళ్ళుగా పార పట్టినవాడు, డ్రైవరు సీటు దాకా వచ్చి కళ్ళ దగ్గర ఆగిపోతే ఎట్లా? నాలుగింటిదాకా అతనికి విశ్రాంతి. అయితే కాల్‌మన్ రెండు గంటల ముందే వచ్చి పిలుస్తాడు. నవోమి పెన్సిలు అందుకుని రెండింటి గడియారం పక్కన గొడుగు వేసింది. పిడికి ఎర్రచుక్క పెట్టింది. గొడుగు మీద ఎర్రగా ఇంటూ కొట్టింది. దాని కింద రెండుంబావుకు బిందె, తాళం. పంపు వదిలే వేళ అది. అత్త నీళ్ళకు పోయినప్పుడు ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చి పలకరించి అతణ్ణి లేపకుండా ఆ తాళం. పేజీ మొత్తం ఒకసారి చూసుకుని, బాగానే సర్దానని అనుకుని, పిల్లలిద్దరినీ రెండు చేతులతో పట్టుకుని బడికి పోయింది.

సాయంత్రం ఐదింటికి ఆమె తిరిగొచ్చేటప్పటికి హెబ్రోను డ్యూటీ బట్టలు వేసుకుని వీధి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన డ్యూటీకి తీసుకుపోయే లైను పెట్టె. ఎస్తేరమ్మ గుమ్మంలో బిందె చంకన అట్లాగే పెట్టుకుని నిలబడి ఉంది.

"బండి పొయింది," అన్నాడు హెబ్రోను.

జరిగింది ఇది. రెండింటికి దరియావలి వచ్చాడు. లేడని ఎస్తేరమ్మ చెప్పింది. అతను చుట్టు తిరగటానికి పోయాడు. రెండుంబావుకు ఆమె తలుపుకు తాళం పెట్టి పంపుకు పోయింది. రెండు పంపుల్లో ఒకటి పాడైంది, బిందెల వరస కాలవ దాకా ఉంది. ఎప్పుడూ పావుగంటలో వచ్చే మనిషి రెండున్నర గంటలు నిలబడిపోయింది. ఈలోపల దరియావలి మళ్ళీ వచ్చాడు. తలుపుకు తాళం చూశాడు. ఈసారి నిజంగానే ఎటో పోయాడనుకున్నాడు. లోపల హెబ్రోను గాఢంగా నిద్రపోతున్నాడు. షెడ్డులో ఇంకో ఫైర్‌మన్‌ను వెతికి పట్టుకునేటప్పటికి గూడ్సు నలభై నిమిషాలు ఆలస్యమైంది. దాని వెనక మెయిలు సిగ్నలు దగ్గర అరగంట నిలబడింది. గూడ్సు ఎంత ఆగినా అడిగేవాళ్ళు ఉండరు. మెయిలు ఆగితే పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ వైరు వస్తుంది. వచ్చింది.

బుధవారం ఫోర్‌మన్ హెబ్రోనును పిలిచి అడిగాడు. హెబ్రోను స్టేట్‌మెంటు రాసిచ్చాడు. ఇంట్లోనే ఉన్నాను, నిద్రపోతున్నాను, నన్ను ఎవరూ వచ్చి పిలవలేదు, అని. దరియావలి రెండుసార్లు వచ్చానన్నాడు. వస్తే పుస్తకంలో ఏదీ అని అడిగారు. హెబ్రోను పేరు ఎదుట ఖాళీ.

ఇదంతా హెబ్రోను చెప్పులు విప్పకుండానే చెప్పాడు. నవోమి పొయ్యి దగ్గరే కూర్చుని విన్నది. ఎవరూ పిలవలేదన్నది అబద్ధం కాదని అతను రెండుసార్లు అన్నాడు. తనను నిద్రలేపి ఎవరూ పిలవలేదు గదా. అడిగినదానికే తను జవాబు చెప్పాడు.

"మరి దరియావలిని ఏం చేస్తారు?" అంది నవోమి.

తీసేస్తారని షెడ్డులో అనుకుంటున్నారు. ఇంకో రెండేళ్ళలో ఎటూ రిటైరయ్యే మనిషి. తీసేస్తే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇంట్లో జమాల్‌బీ కాళ్ళ వాపుతో రైల్వే ఆసుపత్రి చుట్టూ తిరుగుతోంది. ఆ మందు కూడా ఆగిపోతుంది. ఇవన్నీ అతనికి తెలుసు. తెలిసే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తరవాత మేకుకు ఉన్న నోటుబుక్కు వంక చూసి, ఆ పేజీ చించి పొయ్యిలో పెట్టమన్నాడు.

నవోమి పుస్తకం తీసింది. మంగళవారం పేజీ పట్టుకుంది. కాగితాలు మధ్యకు మడిచి కుట్టినవి. ఈ పక్క చింపితే ఆ పక్క కాగితం వదులై ఊడిపోతుంది. కుట్టు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ మాటే మొగుడితో అంది. నిజానికి చింపటానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఎస్తేరమ్మ గోడకు ఆనుకుని చింతపండులో గింజలు తీస్తూ కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

గురువారం మధ్యాహ్నం బడిలో అన్నాల గంట కొట్టాక దరియావలి కంచె తీగ అవతల నిలబడి ఉన్నాడు. వాన లేదు. గొడుగు మూసి తీగకు తగిలించాడు. గడ్డం రెండు రోజులుగా గీసుకోలేదు. పిల్లలు కంచె దగ్గర మూగి అతని గొడుగుకున్న ఎర్రగుడ్డ పట్టుకు లాగుతున్నారు.

"టీచరమ్మా, నేను రెండుసార్లు వచ్చినా," అన్నాడు. "మొదట పెద్దమ్మ లేడనింది. మళ్ళా వస్తే తాళం వేసుండాది. ఎవురూ నమ్మటంలా. రాసుండలేదే అంటా ఉండారు. నేనెప్పుడన్నా రాసినానా?"

నవోమి చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని రెండుగా విరిచింది.

తప్పు ఎవరిదని తను అనటం లేదని, హెబ్రోను మీద చెప్పటానికి రాలేదని అతను అన్నాడు. నిద్రపోయే మనిషికి ఏం తెలుస్తుంది? పెద్దమ్మ మర్చిపోయి ఉంటుంది. పెద్ద వయసు. తనకు కావలసిందల్లా ఆ వేళకు ఆ గుమ్మంలోకి వచ్చాడని ఒక మాట. దానికి అతనికి ఒకటే దారి కనిపించింది.

"మీ బుక్కులో అన్నీ ఉంటాయి గదమ్మా. అది తెప్పించి చూడండి, అందులో నేనొచ్చినట్టు లేకపోతే నన్ను తీసెయ్యండి అని ఫోర్‌మన్ గారితో చెప్పినా. రేపు పది గంటలకు మిమ్మల్ని పిలిపిస్తారు. పెద్దమ్మను గూడా."

చూస్తాలే అన్నా, అని మాత్రం అంది నవోమి. అతను తల ఊపి, గొడుగు తీసుకుని, వచ్చిన దారినే పోయాడు. ఆ మాటకే అతని ముఖంలో కొంచెం తేలిక కనిపించింది. అది చూడలేక నవోమి పిల్లల్ని కసిరి వరసలో నిలబెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నె కింద పెట్టినా అందరూ ఉలిక్కిపడేటట్టు ఉంది. హెబ్రోను తిట్టలేదు, అరవలేదు. అంతకంటే కష్టంగా, నెమ్మదిగా మాట్లాడాడు. కాల్‌మన్‌ను తప్పించి పంపటానికి ఇంట్లో బుక్కు పెట్టి మరీ నడిపించారని తెలిస్తే సెలెక్షను లిస్టులోంచి పేరు కొట్టేస్తారు. మళ్ళీ లిస్టు ఎప్పుడు తీస్తారో ఎవరికి తెలుసు? రెండేళ్ళు కావచ్చు, నాలుగేళ్ళు కావచ్చు. అప్పటికి ఈ కళ్ళు ఉంటాయో లేదో. అన్నం సగంలో వదిలి లేచాడు.

నవోమి లాంతరు దగ్గర నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంది. ఎడమపక్క రాతలో ఏమీ లేదు. 'రెండున్నరదాకా పడుకోండి' అని ఉంది, అంతే. అది తప్పు కాదు. కుడిపక్క గొడుగు బొమ్మ ఏమిటో లోకంలో తెలిసినవాళ్ళు ఇంట్లోవాళ్ళు అయిదుగురే. అందులో చిన్నపిల్లలు ఇద్దరు. ఆ గొడుగు దరియావలి అని తను చెప్తే తప్ప ఫోర్‌మన్ కాదు గదా, పై నుంచి దిగొచ్చిన వాళ్ళెవరూ కనిపెట్టలేరు. వానాకాలం గొడుగులు బాగుచేసేవాళ్ళు వీధుల్లో తిరుగుతారు. గొడుగంటే అట్లాంటివాడు అనవచ్చు. ఇంటూ అంటే వాణ్ణి వద్దని పంపెయ్యమని. బొమ్మలో ఒక్క గీత మార్చనక్కరలేదు. ఇంత తేలిగ్గా దొరికినందుకు ఆమెకు మొదట ఊపిరాడింది, తరవాత తన మీద తనకే రోత పుట్టింది. అయినా అత్తను పిలిచింది.

ఎస్తేరమ్మ వచ్చి ఎదురుగా బాసిపట్టు వేసుకు కూర్చుంది. బొమ్మలు నేర్పిన రోజుల్లో కూడా ఇట్లాగే, ఇదే లాంతరు ముందు కూర్చునేవాళ్ళు. తప్పు చెప్తే నవోమి నవ్వేది, సరిగ్గా చెప్తే వీపు తట్టేది.

"ఇది ఎవరత్తా?"

"దరియావలి."

"కాదు. గొడుగులు బాగుచేసేవాడు. రేపు ఫోర్‌మన్ గారు అడిగితే అట్టా చెప్పాల. ఎవరు?"

"దరియావలే గదమ్మా. ఎర్రచుక్క కూడా పెట్టుండావే."

నవోమి మళ్ళీ చెప్పింది. సెలెక్షను సంగతి చెప్పింది. కొడుకు కళ్ళ సంగతి చెప్పింది. మూడోసారి అడిగింది. ఎస్తేరమ్మ బొమ్మ వంక చాలాసేపు చూసింది. అట్నేలే అని లేచి, టైంపీసు చూసుకుని, తన మందుసీసా వెతుక్కుంటూ పోయింది. చుక్క బొమ్మ వేళ అయింది మరి.

శుక్రవారం పది గంటలకు ఫోర్‌మన్ గదిలో బెంచీ మీద ఆడవాళ్ళిద్దరూ కూర్చున్నారు. హెబ్రోను కిటికీ పక్కన నిలబడ్డాడు. దరియావలి తలుపు దగ్గర, గొడుగు చేత్తో పట్టుకుని. బయట ఇంజను ఒకటి ఆవిరి వదులుతుంటే గది అద్దాలు గలగలలాడుతున్నాయి. ఫోర్‌మన్ పెద్దమనిషి, మాట కరుకు కాదు. అతని పక్కన గుమాస్తా కలం పట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద దరియావలి కాల్ బుక్కు ఉంది. దాని పక్కన నవోమి తన నోటుబుక్కు పెట్టింది.

ఫోర్‌మన్ మంగళవారం పేజీ తీసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఇల్లు ఇంత పద్ధతిగా నడుపుతున్నందుకు మెచ్చుకున్నాడు. తన ఇంట్లో కూడా ఇట్లాంటిది పెట్టించాలన్నాడు. నవోమికి ఆ మాటలు ముళ్ళలా గుచ్చుకున్నాయి. బిందె ఏమిటని అడిగాడు. చెప్పింది. తాళం ఏమిటని అడిగాడు. పిల్లులూ కోతులూ రాకుండా అత్త నీళ్ళకు పోతూ తాళం పెడుతుందని చెప్పింది. అతను వేలు గొడుగు మీద పెట్టాడు.

"ఇదేందమ్మా?"

"గొడుగులు బాగుచేసేవాడండీ. వానాకాలం వీధిలోకి వస్తా ఉంటాడు. వద్దని పంపించమని."

అతను వెనక పేజీలు తిరగేశాడు. తిరగేస్తూ లెక్కపెట్టాడు. ఈ రెండు నెలల్లో పదకొండు గొడుగులు. అన్నిసార్లు వచ్చాడా అన్నాడు. వస్తూనే ఉంటాడండీ అంది నవోమి.

గుమాస్తా చూడటానికి వీలుగా ఫోర్‌మన్ పుస్తకాన్ని ఇటు తిప్పాడు. తలుపు దగ్గర నిలబడిన దరియావలికి కూడా పేజీ కనిపించింది. అతను మెడ చాచి చూశాడు. గొడుగు. పిడికి ఎర్రచుక్క. మీద ఇంటూ. చూపు పక్క పేజీ మీదికి పోయింది. అక్కడ కూడా అదే. అతను తన చేతిలో గొడుగు వంక చూసుకున్నాడు. పిడికి కట్టిన ఎర్రగుడ్డ వంక చూసుకున్నాడు.

నవోమి అతన్నే చూస్తోంది. ఇప్పుడు అంటాడు. అది నా గొడుగే అయ్యా, అంటాడు.

దరియావలి ఏమీ అనలేదు. గొడుగును మెల్లగా వెనక్కి తీసుకుని, కాలి వెనక, పంచె మాటున పెట్టుకున్నాడు. పిడి కనపడకుండా పైన చెయ్యి కప్పాడు. తరవాత నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఆ చెయ్యి చూసి కూడా నవోమి మాట్లాడలేదు. ఆ తరవాత ఎన్నేళ్ళైనా ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది ఆ ఒక్క నిమిషానికే.

ఇక చేసేదేముంది దరియావలీ, ఇందులో కూడా నువ్వొచ్చినట్టు లేదు గదా, అన్నాడు ఫోర్‌మన్ బాధగానే. గుమాస్తా నవోమి చెప్పిందంతా రాశాడు. ఆమె సంతకం పెట్టింది. ఎస్తేరమ్మ వేలిముద్ర కోసం సిరా దిండు ముందుకు జరిపాడు. ఆమె బెంచీ మీద నుంచి లేచి వచ్చి బొటనవేలు సిరాలో అద్దింది. కాగితం మీదకు వంగి, ఆగింది.

"ఇందులో ఏం రాసినారో ఒకసారి చదువు నాయనా."

గుమాస్తా విసుక్కోకుండా చదివాడు. బిందె బొమ్మ అనగా నీళ్ళ పంపు. తాళం బొమ్మ అనగా తలుపు తాళం. గొడుగు బొమ్మ అనగా గొడుగులు బాగుచేయు మనిషి.

ఎస్తేరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. సిరా అయిన వేలిని ఇంకో చేత్తో పట్టుకుంది. నోటుబుక్కును తన వైపు తిప్పుకుని, సిరా అంటని చూపుడువేలు గొడుగు మీద పెట్టింది.

"ఇది గొడుగులాయన గాదయ్యా. దరియావలి. ఇంటూ వేసుంటే, ఆయనొస్తే లేడని చెప్పమని. మంగళారం రెండింటికి వచ్చినాడు. లేడని చెప్పినా. ఇది తాళం. తాళం వేసి నీళ్ళకు పొయినా. లోపల నా కొడుకు పండుకోనుండాడు."

"అత్తా," అంది నవోమి.

ఎస్తేరమ్మ కోడలి వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. పాఠం అప్పజెప్పేటప్పుడు ఉండే బెదురు మాత్రం ఉంది.

"నువ్వు నేర్పిందే గదమ్మా. నాకొచ్చిన చదువు ఇదొక్కటే. దీన్ని గూడా తప్పు చదవమంటే, నాకింక ఏం మిగల్తాది?"

హెబ్రోను కిటికీ ఊచ పట్టుకుని బయటకు చూస్తున్నాడు. అతని మెడ నరం ఉబ్బి కనిపిస్తోంది. ఫోర్‌మన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నవోమిని పేరు పెట్టి పిలవకుండా, ఏమ్మా, ఆమె చెప్పింది నిజమేనా, అని అడిగాడు.

నవోమి లేచి నిలబడింది.

"అవునండీ," అంది. "అత్త సరిగ్గానే చదివింది."

హెబ్రోను పేరు ఆ లిస్టులోంచి కొట్టేశారు. తప్పుడు స్టేట్‌మెంటు ఇచ్చినందుకు అది చాలా తక్కువ శిక్షని, ఇంకొకరైతే పనిలోంచే తీసేవారని ఫోర్‌మన్ చెప్పి పంపాడు. దరియావలికి ఏమీ కాలేదు. ఇకనుంచి పుస్తకం రూలు ప్రకారం రాయాలని మాత్రం హెచ్చరించారు. హెబ్రోను రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు, పెళ్ళాంతోనూ మాట్లాడలేదు. నోటుబుక్కులో కూడా ఏమీ రాయలేదు. ఎడమపక్క నవోమి రాతే ఉంది. దాని కింద జవాబు లేదు.

ఆదివారం తెల్లవారి మూడింటికి అతను డ్యూటీ దిగి వచ్చాడు. పడుకున్నాడే గాని నిద్ర పట్టలేదు. మంచం కిర్రుకిర్రుమంటూనే ఉంది. అందరూ ఆరాధనకు గుడికి పోయి వచ్చేటప్పటికి, పదకొండు దాటాక, గుర్రు వినపడింది. ఒంటిగంటకు గొడుగు బొమ్మ. ఆ ఉదయమే వేసింది నవోమి. ఇంటూ వెయ్యలేదు. గొడుగు ఉత్తగా ఉంటే కొడుకును లేపాలని అత్తకు చెప్పింది. ఎస్తేరమ్మ ఆ కొత్త పాఠం ఒక్కసారికే పట్టేసింది.

ఒంటిగంటకు దరియావలి వచ్చాడు. ఎప్పుడూ వసారాలోకి వచ్చి గొడుగు గోడకు ఆనించి, మంచినీళ్ళు అడిగి తాగేవాడు. ఈసారి మెట్టు కిందే ఆగాడు. పుస్తకం తెరిచి పెన్సిలు నాలుకతో తడిపాడు.

"హెబ్రోను, ఫైర్‌మన్. మూడు గంటల గూడ్సు. ఉండాడా, లేడా?"

నవోమి గబగబా బయటికి వచ్చింది. ఉన్నాడని, లేపుతామని, ఈలోపల లోపలికొచ్చి కూర్చోమని అంది. మొన్న గదిలో అతను గొడుగు దాచిన సంగతి ఎత్తాలని రెండు రోజులుగా మాటలు కూడగట్టుకుంది.

"కూర్చోనమ్మా. టైం రాయాల," అన్నాడు దరియావలి. అతని గొంతులో నిష్ఠూరం లేదు. పుస్తకం మీద నుంచి తల ఎత్తలేదు, అంతే.

సంతకం కోసం ఉండమని, ముందు పక్కింట్లో పిలిచి వస్తానని అతను ఆమినాబీ గుమ్మం ముందుకు పోయాడు. ఆమినాబీ మొగుడు ఖాదర్ బాషా డ్రైవరు, అప్పుడే అన్నం తిని పడుకున్నాడు. ఆమినాబీ ఎప్పటి మాదిరే కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, లేడన్నా, బజారుకు పొయినాడు, అంది. అని, అతను ఒక చుట్టు తిరిగొస్తానని అంటాడేమోనని చూస్తూ నిలబడింది.

దరియావలి పెన్సిలు మళ్ళీ తడిపాడు. పుస్తకం గొడుగు పిడి మీద ఆనించి, ఒక్కొక్క అక్షరమే రాశాడు. రాసింది ఆమెకు తిప్పి చూపించి, వేలిముద్ర వెయ్యమన్నాడు. ఆమినాబీకి చదువు రాదు. కాని అదేమిటో ఆమెకు తెలిసింది. అతని తల మీదుగా ఇటు నవోమి వంక చూసింది. ఆ చూపుకు నవోమి గుమ్మంలో నిలబడలేకపోయింది.

లోపల ఎస్తేరమ్మ నోటుబుక్కు మేకు మీద నుంచి తీసి కళ్ళ దగ్గరగా పెట్టుకుంది. ముళ్ళు చూసింది, టైంపీసు చూసింది, వేలు గొడుగు మీద పెట్టి నాలుగు పక్కలా వెతికింది. ఇంటూ ఎక్కడా లేదు. పుస్తకం జాగ్రత్తగా మళ్ళీ తగిలించి, కొడుకు పడుకున్న గదిలోకి పోయి, అతని భుజం మీద చెయ్యి వేసింది. హెబ్రోను నిద్రపోయి అప్పటికి రెండు గంటలు కూడా కాలేదు.